పదిహేడో పలక

మా జేజికి అన్న, దూదేకుల కుళ్ళాయప్ప.
పామిడిలో పెట్టె కుళ్ళాయి అనేవాళ్లట.
గుత్తి రైల్వే బంగళా ఖాళీ చేసి పోతున్న దొర ఒకాయన
నాలుగు పరుపులు కుట్టించుకుని
కూలికి బదులు చేతిలో పెట్టిన టేకు పెట్టె అది.
ముందర గాజు కన్ను, వెనకాల నల్లగుడ్డ, మూడు కాళ్లు.
"నాలుగు కాళ్లదైతే పాలన్నా ఇచ్చును"
అన్నాడట వాళ్ల నాయన.

ఎక్కడ నేర్చుకున్నాడో ఎవరికీ తెలీదు.
మందులు మద్రాసు నుంచి పార్సిల్లో వచ్చేవి.
చీకటి మాత్రం సొంతం:
మూడేళ్లుగా జొన్న పండలేదు గనక పాతర ఖాళీ.
నిచ్చెన దిగి, నెత్తిన నాపరాయి మూసుకుని,
దస్తగిరమ్మ పెళ్లి చీర చించి లాంతరుకు చుట్టి
ఆ ఎర్రటి వెలుగులో మనుషుల ముఖాలు కడిగేవాడు.
(చీర సంగతి ఆమె చచ్చేదాకా మరిచిపోలేదు.)

పెళ్లి ఫోటోలు తీసుకుంటూ ఉండుంటే బతికిపోయేవాడు.
ఉండలేదు.
మొదట శ్రీశైలం అడవి, తర్వాత హంపి,
ఆ తర్వాత రైలు ఎంత దూరం పోతే అంత దూరం,
రైలు ఆగినాక కంచరగాడిదల వెంట,
గాజు పలకలు ఇంట్లో ఏకిన దూదిలో పొదిగి.
దారిలో దొరల పలకలు పగిలినాయట.
ఈయనవి గీత పడలేదు.

ఒక లెక్కల పుస్తకం ఉండేది,
ఎడమ పేజీలో ఖర్చు, కుడి పేజీలో లోకం.
"రొట్టె దొరకలా. చాయ్‌లో ఉప్పూ వెన్నా ఏస్తారు. ఒక అణా."
దానికెదురుగా:
"మంచు సూసినా. ఏకేవాడు కనపళ్లా,
ఏకిన దూది మాత్రం కొండలు కొండలు.
మా నాయన సూసింటే కూలెంత అని అడిగింటాడు."
ఇంకోచోట:
"తాళ్ల వంతెన. కింద నీళ్లు.
ఇన్ని నీళ్లు ఎవురికీ అక్కర లేకుండా పోతాండాయి.
పెన్నకు సెప్పకూడదు."

ముప్పై ఒక్క పలకలతో తిరిగొచ్చినాడు,
పెన్న ఇసకై పడుకున్న ఏడాది.
చెలమ దగ్గర రాత్రంతా కూర్చుంటే ఒక కడవ ఊరేది.
ఒక్క పలక కడగాలంటే రెండు కడవలు.
రెండు రాత్రుళ్లు కూర్చున్నాడు.
పాతరలోకి దిగినాడు, మందు కలిపినాడు,
మొదటి పలక దూది విప్పబోతుంటే
పైన నాపరాయి మీద చేత్తో తట్టిన చప్పుడు.
వెనకవీధి ఓబులమ్మ.
కోడలు తెల్లారుజామున కన్నది.
బాలింతకు గొంతు తడవడానికి...
ఆమె ఇంకేమీ అనలేదట.

"ఉండు, ఎలుతురు పడుతుంది" అన్నాడు లోపల్నుంచి.
పలకలు మళ్లీ దూదిలో చుట్టి, పెట్టె మూసి,
అప్పుడు రాయి జరిపి,
కడవలు ఒకదాని తర్వాత ఒకటి తాడుకు కట్టి పంపినాడు.
మందు కలిపిన గిన్నె పాతరలోనే ఎండిపోయింది.
"వానొచ్చినాక సూద్దాం లే."

వాన మరుసటేడు వచ్చింది.
అప్పటికి ఆయన బస్రా పోయే ఓడలో ఉన్నాడు.
అక్కడినుంచి ఒక కార్డు: "ఈడ ఖర్జూరం చవక."
అంతే.

పెట్టె నా దగ్గరుంది. రేకు పెట్టె, మూతకు మైనం.
అనంతపురం కాలేజీ మాస్టరు ఒకాయన వచ్చి చూసి
"ఇన్నేళ్లకు మందుపూత చచ్చిపోయుంటుంది,
ఉన్నా ఉండొచ్చు" అన్నాడు.
నేను తెరవలేదు. భయమో, బద్ధకమో.
పుస్తకం మాత్రం అప్పుడప్పుడూ తీస్తాను.
నంబరుకు ఒక మాట రాసి పెట్టినాడు.
మూడు: కంచరగాడిద, పేరు సుల్తాను, కదిలింది.
పదకొండు: ముసలామె, నవ్వమంటే ఏడ్సింది, అట్లే తీసినా.
పదిహేడుకు మాత్రం పేజీ అంతా పట్టింది:

"శిఖరం. మబ్బు తెరిసింది, మళ్లీ మూసింది.
గాజు కంటికి మూత తీసేది మర్సిపోయినా.
ఈ పలకలో ఏమీ లేదు.
అయినా పారేయలా.
నాతో పాటు అంత దూరం ఎక్కిందే గదా అదీ."